ఇంటర్నెట్ ఫోన్ లైనుపై పాత ఫ్యాక్స్ మెషిన్: ఏ సెట్టింగులు మార్చాలి?

డాలస్‌లో మా అక్క నడిపే పిల్లల క్లినిక్‌లో పాత రాగి తీగల ఫోన్ లైను తీసేసి ఇంటర్నెట్ ఫోన్ పెట్టించారు. మాటలు స్పష్టంగానే వినిపిస్తున్నాయి, ఫ్యాక్స్ మాత్రం సరిగా వెళ్లడం లేదు. ఒక పేజీ అయితే చేరుతుంది; పెద్ద రికార్డులు మధ్యలోనే తెగిపోతున్నాయి.

ఫ్యాక్స్ మెషిన్‌ను ఇంటర్నెట్ లైనుకు కలిపే అడాప్టర్‌లో కోడెక్‌ను (శబ్దాన్ని డిజిటల్‌గా మార్చే పద్ధతిని) జి.711 అనే రకానికి మార్చాను. మెషిన్ వేగాన్ని సెకనుకు 33,600 బిట్ల నుంచి 14,400కి తగ్గించాక కొంత నయం. ఇంటర్నెట్ మీద ఫ్యాక్స్ పంపడానికే ఉన్న టి.38 పద్ధతి పెడితే అసలు కలవడమే లేదు. అవతలి గేట్‌వే (ఇంటర్నెట్‌ను మామూలు ఫోన్ నెట్‌వర్క్‌తో కలిపే పరికరం) కూడా దాన్ని అంగీకరించాలి కదా, సర్వీసు వాళ్లను ఏమని అడగాలి?

వేగాన్ని 9,600కి దించి, తప్పులు సరిదిద్దే ఈసీఎం ఆపేయమని కొందరు అంటున్నారు. మందుల చీటీలో ఒక్క అంకె చెదిరినా పిల్లలకు ప్రమాదం, అందుకే ఆపడానికి మనసు ఒప్పడం లేదు. ఈసీఎం ఉంచుకునే నిలకడగా పంపుతున్నవారు ఎవరైనా ఉంటే, మీ అడాప్టర్ సెట్టింగులు దయచేసి చెప్పగలరా?