సర్కారు బడి చదువు ఎక్కడ జారింది: టీచరు దగ్గరా, జీవో దగ్గరా?

నల్లబల్ల:
టీచర్ల జీతాల చర్చలో ఒకరు అన్న మాట మీద ఇది విడిగా మొదలుపెడుతున్నా. "డీఎస్సీ కొట్టి వచ్చినవాళ్లు, జీతాలకు లోటు లేదు, అయినా ఐదో తరగతి పిల్లాడికి పేరా చదవడం రాదు. తప్పు టీచరుది కాక ఎవరిది?" అన్నది ఆ మాట. రెండు తెలుగు రాష్ట్రాల ప్రాథమిక బడుల వరకే మాట్లాడుకుందాం. హైస్కూలు గొడవ వేరే.

టీచరు మంచివాడా కాదా అన్నది తర్వాత చూద్దాం, ముందు గంటలు లెక్కేయండి. 1, 2 తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, అంటే మూడేసి సబ్జెక్టులు. 3 నుంచి 5 వరకు పరిసరాల విజ్ఞానం కలిపి నాలుగేసి. మొత్తం రోజుకు 18 పాఠాలు. పీరియడ్లేమో ఎనిమిది. ఏకోపాధ్యాయ బడిలో ఆ పద్దెనిమిదీ ఒక్క మనిషే లాగాలి.

విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 రోజులు, 800 బోధన గంటలు అంటుంది. ఒక్క టీచరే ఉంటే 800ని ఐదు తరగతులకు పంచాలి, తరగతికి 160. ఒకటో తరగతిలో ఆ 160ని మూడు సబ్జెక్టులకు పంచితే తెలుగు వాటాకు వచ్చేది 53 గంటలు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు, అన్నీ ఆ 53 గంటల్లోనే. అదీ టీచరు ఒక్కరోజు సెలవు పెట్టకుండా, ఒక్క మీటింగుకూ పోకుండా ఉంటే. అదే చట్టం షెడ్యూలులో 60 మంది లోపు ఉన్న బడికి ఇద్దరు టీచర్లని రాసి ఉంది. పిల్లలు తక్కువున్నచోట ఒక్క ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) చాలన్నది మన రేషనలైజేషన్ జీవోల (పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దే ఉత్తర్వుల) తెలివి.

లెక్కతేలాలి:
లెక్క బాగుంది గానీ, ఏకోపాధ్యాయ బడులను చూపించి అందరినీ తప్పించేస్తున్నారు. నలుగురైదుగురు టీచర్లున్న బడుల్లో ఏం జరుగుతోందో కూడా చెప్పాలిగా. దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రభుత్వ బడులకు చెప్పకుండా వెళ్లి చూస్తే 2003లో 26.3 శాతం మంది టీచర్లు బడిలో లేరు. 2010లో మళ్లీ చూస్తే 23.6 శాతం. ఏడేళ్లలో గదులు కట్టారు, జీతాలు పెంచారు, గైర్హాజరు మాత్రం మూడు శాతమైనా తగ్గలేదు.

పైగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005 నుంచి జరిగిన ప్రయోగం ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేశారు. పిల్లల మార్కులు పెరిగినదాన్ని బట్టి టీచరుకు బోనస్. ఏడాది జీతంలో సగటున 3 శాతమే. రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు మిగతావాళ్లకంటే లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ల (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర ముందున్నారు. అలాంటి బడులే, అదే పుస్తకం, అదే జీవో. మారింది టీచరు మీద ఉన్న లెక్క ఒక్కటే.

మండలం కాగితం:
లెక్కతేలాలి గారూ, ఆ ప్రయోగంలో మీరు చెప్పని సగం ఒకటుంది. బోనస్ ఇచ్చినా గైర్హాజరు తగ్గలేదు. వచ్చిన రోజున అదనపు క్లాసు పెట్టారు, ప్రాక్టీసు పరీక్షలు పెట్టారు, వెనకబడినవాళ్ల మీద కాస్త దృష్టి పెట్టారు. ఫలితం అక్కడి నుంచి వచ్చింది. కాబట్టి హాజరు కోసం ముఖం స్కాన్ చేసే యాప్ పెడితే చదువు వస్తుందన్న ఆశకు ఆ ప్రయోగం సాక్ష్యం పలకదు.

ఇక బడిలో లేనివాళ్లంతా ఇంట్లో పడుకున్నట్టు కాదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం బోధనేతర పనికి టీచరును పిలవడానికి మూడే కారణాలు: పదేళ్లకోసారి జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. 2024 నవంబరులో తెలంగాణ ఇంటింటి కుటుంబ సర్వేకు 36 వేల మందికి పైగా ఎస్‌జీటీలను దించారు. సర్వే నడిచినన్నాళ్లూ ప్రాథమిక బడులు మధ్యాహ్నం ఒంటిగంట దాకే. ఆ మూడు కారణాల్లో ఈ సర్వే ఏది? నల్లబల్ల గారి 53 గంటల్లోంచి దీన్ని కూడా తీసేయండి.

ఆంధ్రలో కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫొటోలు, భోజనం ఫొటోలు టీచర్లే యాప్‌లో ఎక్కించారు. ఫొటో తీయడానికి అర నిమిషం చాలు. నెట్ లేని ఊళ్లో అది అప్‌లోడ్ అయ్యేలోపు మొదటి పీరియడ్ అయిపోతుంది. ఉదయం మొదటి పీరియడ్ అంటే పిల్లలు నిద్రమత్తు వదిలి చురుగ్గా ఉండే సమయం, చదవడం నేర్పాల్సింది అప్పుడే.

మరి పర్యవేక్షించాల్సిన మండల విద్యాధికారి (ఎంఈఓ) ఏమయ్యాడు? తెలంగాణలో పంచాయతీరాజ్, ప్రభుత్వ టీచర్ల ఏకీకృత సర్వీసు రూల్సు కోర్టుల్లో నలిగి, ఎంఈఓ పోస్టులు నిండక, ఏళ్ల తరబడి మండలాలు ఇన్‌చార్జుల చేతిలోనే గడిచాయి. ఒక హైస్కూలు హెడ్మాస్టరు తన బడి చూసుకుంటూ మండలమంతా తిరిగి పాఠం విని వస్తాడా? కాగితం వచ్చిందా, నివేదిక పోయిందా, అంతవరకే.

ఖాళీల సంగతీ చూడండి. ఆంధ్రలో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ 2025లోనే, 16,347 పోస్టులకు. తెలంగాణలో 2017 టీఆర్టీ (అదీ టీచర్ల నియామక పరీక్షే) తర్వాత 2024లో, 11,062 పోస్టులకు. రెండుచోట్లా ఏడేళ్ల విరామం. ఏడేళ్లంటే ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఏడు దాటిపోతుంది. తీరా నియామకాలు ఇచ్చింది తెలంగాణలో అక్టోబరులో, ఆంధ్రలో సెప్టెంబరు చివర్లో. బడులు తెరిచేదేమో జూన్ 12న.

ఈనెపుల్ల:
అందరూ "పడిపోయింది" అని ఒప్పేసుకున్నారు. ఎక్కడ నుంచి ఎక్కడికి? అసర్ (ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు చూసే సర్వే) లెక్కల్లో ఐదో తరగతి ప్రభుత్వ బడి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశంలో 2018లో 44.2 శాతం, 2022లో 38.5, 2024లో 44.8. కోవిడ్ గుంటలో పడి మళ్లీ పాత గట్టుకే వచ్చాం. ఆ గట్టే పల్లంలో ఉందన్నది అసలు బాధ.

పదో తరగతి ఉత్తీర్ణత చూపించేవాళ్లు ఇంకా తప్పుదారి పట్టిస్తారు. ఆంధ్రలో 2019లో 94.88 శాతం, 2022లో 67.26. మధ్యలో రెండేళ్లు పరీక్షే లేకుండా అందరినీ పాస్ చేశారు, 20 ఇంటర్నల్ మార్కులు తీసేశారు, పేపర్లు 11 నుంచి 7కు తగ్గించారు. కొలబద్దను మార్చి పొడవు తగ్గిందంటే ఎలా?

ఇంకో ముఖ్యమైన సంగతి. ఫీజు కట్టగలిగిన కుటుంబం వెళ్లిపోయాక బడిలో మిగిలినవాళ్ల సగటు తగ్గుతుంది. టీచరు పాఠంలో అణువంత మారకపోయినా తగ్గుతుంది. ఇందుకూ మన దగ్గరే రుజువుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి ఐదు జిల్లాల్లో 180 ఊళ్లలో లాటరీ వేసి, నెగ్గిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో లాటరీ నెగ్గినవాళ్లకూ ఓడినవాళ్లకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, సర్కారు ప్రాథమిక బడిలో హిందీ లేదు కాబట్టి.

లెక్కతేలాలి:
అదే పరిశోధనలో ఇంకో వాక్యం కూడా ఉంది ఈనెపుల్ల గారూ. ప్రైవేటు బడికి పిల్లాడి మీద అయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడోవంతు కూడా లేదు. తెలుగుకు, లెక్కలకు వాళ్లు తక్కువ సమయం ఇచ్చి కూడా సమానంగా నిలిచారు. తక్కువ జీతం, తక్కువ శిక్షణ, తక్కువ సమయం, అదే ఫలితం. ఇది సర్కారు బడికి కితాబా?

ఈనెపుల్ల:
కితాబు కాదు, ఒప్పుకుంటా. "ప్రైవేటుకు పంపితే బాగుపడతాడు" అన్న నమ్మకానికి జవాబు మాత్రం అవును.

గుణింతం:
పైనంతా లెక్కలే నడిచాయి. పిల్ల ఎక్కడ ఆగిపోతుందో దగ్గర నుంచి చూద్దాం.

నాలుగో తరగతి పిల్లతో వరసగా నాలుగు రకాల మాటలు చదివించండి. మొదట గుణింతం లేనివి: వల, పలక. తర్వాత గుణింతం ఉన్నవి: గాలి, కోడి. ఆపైన అదే అక్షరానికి అదే వత్తు: దుమ్ము, చెల్లి. చివరగా వేరే వత్తు: చక్రం, పుస్తకం. చాలామంది రెండో మెట్టు మీద తడబడి మూడో మెట్టు మీద ఆగిపోతారు. "అమ్మ" టకటకా చదివి "దుమ్ము" దగ్గర ఆగిందంటే, "అమ్మ"ను బొమ్మలా గుర్తుపట్టిందన్నమాట. అలాగే "పుస్తకం" చదివినా నమ్మొద్దు, అది రోజూ అట్ట మీద చూసే మాట.

ఈ లోటు పుట్టేది ఒకటి, రెండు తరగతుల్లో. బయటపడేది నాలుగు, ఐదులో. తిట్లు తినేది పదో తరగతి టీచరు. మూడో తరగతి పుస్తకమేమో పిల్లకు చదవడం వచ్చేసిందనుకుని మొదలవుతుంది. టీచరుకు సిలబస్ నెలవారీగా పూర్తిచేయాలన్న గడువు ఉంది, ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, రెండు ఎస్‌ఏలు అనే పరీక్షలు ఉన్నాయి. వెనక్కి వెళ్లి గుణింతం చెప్పమని ఆ టైంటేబుల్లో ఎవరూ రాయలేదు. తెలంగాణలో 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం ఈ వెనక్కి వెళ్లే పనికే, ఆలోచన సరైనదే. రోజువారీ పాఠ్య ప్రణాళిక, నెలవారీ నివేదిక అంటూ అదీ మళ్లీ కాగితమైంది.

లెక్కల్లోనూ ఇదే తంతు. 52 లోంచి 27 తీసెయ్యమంటే సగం తరగతి 35 రాస్తుంది. ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కాబట్టి, తిరగేసి 7 లోంచి 2 తీసేశారు. "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా పోదు, ఎందుకంటే 52లోని 5 అంటే యాభై అన్న సంగతే కుదురుకోలేదు. వంద ఈనెపుల్లలు, పది రబ్బరు బ్యాండ్లు చాలు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టి ఏడు తీయమనండి. పిల్లే ఒక కట్ట విప్పుతుంది. వారం పది రోజులు ఈ పని చేయించాకే బోర్డు మీదకు వెళ్లాలి. ఆ వారం పది రోజులు ఇవ్వలేకపోవడమే ఇప్పుడున్న జబ్బు.

ఇంగ్లిష్ మీడియం దీని పైన పడింది. ఆంధ్రలో 2020 నుంచి, తెలంగాణలో 2022 నుంచి ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. దుమ్ము దగ్గర ఆగిన పిల్లకు రెండు పేజీలూ ఒకటే. టీచరు తెలుగులో చెప్పి, జవాబు ఇంగ్లిష్‌లో బోర్డు మీద రాస్తాడు, పిల్ల దించుకుంటుంది. నోటుబుక్ ముత్యాల్లా ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు నోటుబుక్కే చూస్తారు.

వాడలో మాట:
గుణింతం గారు చెప్పిన మెట్లు ఒప్పుకుంటా, మీడియం మాట ఒప్పుకోను. మా వాడల్లో తల్లులు ఇంగ్లిష్ అడిగినప్పుడల్లా మాతృభాష గొప్పదని పాఠం చెప్పేవాళ్ల పిల్లలు ఏ మీడియంలో ఉన్నారో ఎవరూ చెప్పరు. తెలుగు మీడియం నడిచినన్నాళ్లూ కూడా పిల్లలు దుమ్ము దగ్గరే ఆగారు కదా! కాబట్టి రోగం మీడియంది కాదు.

అసలు చేజారేది ఎల్‌కేజీ దగ్గర. ప్రైవేటు బడి మూడున్నర ఏళ్లకే పిల్లను ఆటో ఎక్కిస్తుంది. సర్కారు బడి చాలాచోట్ల ఐదు నిండాక ఒకటో తరగతిలో రమ్మంటుంది. మధ్యలో అంగన్‌వాడీ ఉంది గానీ, అక్కడ ఒక్క టీచరే గుడ్లు, పాలు, బాలింతల రికార్డులు, పిల్లల బరువులు అన్నీ చూసుకోవాలి. ఎల్‌కేజీలో ఫీజు కట్టిన ఇల్లు ఒకటో తరగతికి వెనక్కి రాదు. వచ్చేది ఫీజు కట్టలేక ఆగిపోయిన ఇల్లే. పిల్లలు తగ్గారని టీచరును తీసేస్తారు, టీచరు తగ్గాడని ఇంకో నలుగురు వెళ్తారు. ఈ తిరగలిని మొదట తిప్పింది ఎవరో చెప్పండి.

నల్లబల్ల:
తిరగలి ఆపడానికే 117 జీవో అన్నారు కదా. 2022లో ఆంధ్రలో 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు హైస్కూళ్లకు పంపారు, సబ్జెక్టు టీచర్లు చెబుతారని. కాగితం మీద తర్కం ఉంది, 18 పాఠాల గోల తగ్గుతుంది. జరిగిందేంటంటే, బీఈడీ చేసి 8, 9, 10కి చెప్పే స్కూల్ అసిస్టెంటుకు మూడో తరగతి పిల్లాడికి గుణింతం నేర్పే శిక్షణ లేదు. ఇటు పాత బడిలో 1, 2 తరగతులు ఒకే ఎస్‌జీటీ చేతిలో మిగిలాయి. 2025లో ఆ జీవో రద్దయింది, తరగతికో టీచరు లెక్కన మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి. మూడేళ్లలో ఒకే పిల్ల రెండు బడులు మారింది.

వాడలో మాట:
కిలోమీటరని కాగితం మీద రాశారు, మధ్యలో హైవేనో, కాలువో ఉంటే రాయలేదు. ఎనిమిదేళ్ల ఆడపిల్లను ఒంటరిగా దాటించలేక ప్రైవేటు బస్సు ఎక్కించిన ఇళ్లున్నాయి. అయితే చిన్న బడులు అలాగే ఉండాలని కూడా అనను. 28 మంది ఉన్న బడికి సమగ్ర శిక్ష పథకం గ్రాంటు ఏడాదికి 10 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, రిపేర్లు, అందులోనే పదో వంతు పారిశుద్ధ్యానికి. బోరు మోటారు ఒకసారి కాలితే ఆ ఏడాది అంతే.

లెక్కతేలాలి:
సరే, జీవోలదే తప్పు అనుకుందాం. జీవో మారేలోపు ఇద్దరు టీచర్లు, 40 మంది పిల్లలున్న బడి రేపు పొద్దున ఏం చేయాలి? దానికి జవాబు చెప్పండి.

గుణింతం:
మొదటి రెండు పీరియడ్లు తరగతుల గోడలు తీసేయండి. 3, 4, 5 పిల్లలందరినీ నేను చెప్పిన నాలుగు మెట్ల మీద పరీక్షించి, ఏ మెట్టు దగ్గర ఆగారో ఆ గుంపులో కూర్చోబెట్టండి. ఐదో తరగతివాడు మూడో తరగతివాడి పక్కన కూర్చుంటే నామోషీ పడతాడు, అందుకని గుంపులకు తరగతి పేర్లు పెట్టొద్దు. ఒక టీచరు ఈ గుంపులను, రెండో టీచరు 1, 2 తరగతులను పట్టుకోవాలి. ఒకటో తరగతి టీచరును మాత్రం ఏడాది మధ్యలో మార్చొద్దు, ఫోను, యాప్, కాగితాల పనులన్నీ రెండోవారికే. పదిహేను రోజులకోసారి మెట్లు మళ్లీ చూసి గుంపులు మార్చండి. మార్చకపోతే కింది గుంపు అక్కడే శాశ్వతంగా ఉండిపోతుంది, అది ఇంకా ప్రమాదం.

మండలం కాగితం:
బాగుంది మేడం. ఆ ఇద్దరిలో ఒకరు ప్రసూతి సెలవు మీద వెళ్తే? సీఆర్పీని (కొన్ని బడులకు కలిపి ఉండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్ని) పంపుతామంటారు. అతను ఆ వారం ఇంకో ఏకోపాధ్యాయ బడిలో ఉంటాడు.