అవ్వ ఉండంగానే మా వంశం కథ రాయాల, యాడ మొదలుపెట్టాల?

ఉరవకొండ_పిల్లోడు:
అందరికీ నమస్కారం. మా అవ్వకు 88 ఏండ్లు, మాట ఇంకా గట్టిగానే ఉంది. ఎప్పుడడిగినా ఒకటే చెప్తాది, "మనోళ్ళు ఈడోళ్ళు కాదురా, ధాతకరువులో మా జేజినాయనను (తాతను) చంకనేసుకొని వాళ్ళమ్మ నడిచొచ్చింది" అని. ఏ ఊరినుంచో మాత్రం గుర్తులేదంట. ఒక నలభై పేజీలన్నా రాసి ఆమె చేతిలో పెట్టాలని నా ఆశ. ఇంట్లో ట్రంకుపెట్టె నిండా పాత దస్తావేజులు ఉన్నాయి, సగం చదవనీకి కూడా రావడంలే. తెలిసినోళ్ళు చెప్పండి.

హంద్రీ_ఒడ్డు:
తమ్ముడూ, నేను కర్నూలులో రెవెన్యూలో చేసి రిటైరైనాను. మీ అవ్వ చెప్పింది మంచి ఆధారం, దాన్నే పట్టుకో. ధాత నామ సంవత్సరం అంటే 1876-77, ఆ కరువు 1878 దాకా పీడించింది. మళ్ళీ 60 ఏండ్లకు 1936లో కూడా ధాత వచ్చింది గానీ మీ అవ్వ జేజినాయన చంకలో పిల్లోడంటే లెక్క 1876కే సరిపోతుంది. దస్తావేజుల్లో కూడా ఇదే తికమక ఉంటుంది, ఉత్త "శుక్ల నామ సంవత్సరం" అని రాసి వదిలేసింటారు, అది 1869 కావచ్చు 1929 కావచ్చు, అట్లాంటప్పుడు స్టాంపు పేపర్ మీద తలకాయ చూడు, విక్టోరియా రాణి ఉంటే పాతది, ఐదో జార్జి ఉంటే 1929. ఫసలీ (జులైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం) రాసింటే 590 కలుపు. ఫసలీ 1339 అంటే 1929 జులై నుంచి 1930 జూన్ దాకా.

ఇనాం భూమి (పన్ను లేకుండానో తక్కువ పన్నుకో ఇచ్చిన మాన్యం) ఏమన్నా ఉండిందా? ఉంటే 1860ల్లో ఇనాం కమిషన్ ఇచ్చిన టైటిల్ డీడ్ నంబరు ఎక్కడో ఒక కాగితంలో దొరుకుతుంది, దాంతో ఆ కమిషన్ రాయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్ నకలుకు అర్జీ పెట్టు. పట్టా భూమైతే డైగ్లాట్ (ఇంగ్లీషు, తెలుగు రెండిట్లో రాసిన పాత భూమి రిజిస్టర్) చూడాల. ఇంకొకటి మర్చిపోవద్దు, అనంతపురం జిల్లా అయిందే 1882లో, అంతకుముందు మీదంతా బళ్ళారి జిల్లా. కరువు నాటి సంగతులు బళ్ళారి పేరు మీద వెతకాల.

పెన్నా_ఇసక:
కడప బ్రౌన్ గ్రంథాలయానికి ఒకసారి పో అన్నా, బ్రౌన్ దొర బంగళా ఉండిన జాగాలోనే ఉంది. కంపెనీ సర్వే అధికారి మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దండకవిలెలు (ఊరి లెక్కల పుస్తకాలు) చూసి రాయించిన కైఫీయతులు, అంటే ఊర్ల చరిత్రలు, కడప జిల్లావి ఆడ పుస్తకాలుగా వేసినారు. మా ఊరిది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది, చెరువు ఎవరు కట్టించినారు, గుడికి ఎంత మాన్యం ఇచ్చినారు, అన్నీ ఉన్నాయి. మా ఇంటిపేరు మాత్రం యాడా లేదు. సేద్యం చేసుకునే మామూలు కుటుంబాల పేర్లు వాటిల్లో అరుదు, ఆ ఆశతో పోవద్దు.

జమ్మలమడుగు_అక్క:
పైన చెప్పినవన్నీ నిజమే గానీ ఆ కాగితాల్లో ఆడోళ్ళు యాడున్నారు చెప్పండి? ఫలానా వారి భార్య అని తప్ప పేరుండదు చాలావాటిల్లో. మా జేజి వాళ్ళమ్మ పేరు నాకు మూడేండ్లు దొరకలేదు. ఆఖరికి అటక మీద గంగాళం దించి చింతపండుతో తోమితే అంచు కింద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించింది కనపడింది, "బాలమ్మ" అని, పక్కన పుట్టినింటి ఊరు. పెండ్లిలో పెట్టి పంపిన గంగాళమంట. ఆ పొద్దు నేను వంటింట్లో కూర్చొని ఏడ్చినాను.

అందుకే ముందు ఇంట్లో సామాను చూడు నాయనా. అవ్వను ఎదురుగా కూర్చోబెట్టి ఫోన్ పెట్టి చరిత్ర చెప్పు అంటే చెప్పదు, చెనక్కాయలు ఒలుస్తా పక్కన కూర్చో, ఆ కాలంలో ఏం తింటాండ్రి, ఎవరి పెండ్లికి పోతాండ్రి అని అడుగు, వాటంతట అవే పేర్లు వస్తాయి. ఆలస్యం చేయొద్దు. మా జేజి పోయినాక నాకు అడగాల్సినవి ఇంకా ఇరవై గుర్తొచ్చినాయి.

నంద్యాల_మధు:
ఒక ఆఫీసులో నేను అడిగిన రిజిస్టర్ చెదలు తినేసింది, ముట్టుకుంటే పొడి రాలుతాంది. మీ ట్రంకుపెట్టెలోవి ఈ రోజే ఫోటోలు తీసి పెట్టుకోండి, లామినేషన్ మాత్రం చేయించొద్దు. మీ పక్క వంశరాజులు వస్తే వాళ్ళు చెప్పేది కూడా రికార్డు చేసుకోండి, గోత్రాలు, వలసలు నోటికి చెప్తారు. ఒక కథను ఇంకో ఆధారంతో సరిచూసుకున్నాకే రాయండి.

ఉరవకొండ_పిల్లోడు:
అక్కా, నీ మాట చదివి రాత్రే సామాను దించినాను. అవ్వ నీళ్ళు తాగే ఇత్తడి చెంబు అడుగున అక్షరాలున్నాయి! "అది కరువులో నడిచొచ్చిన ఆయమ్మ తెచ్చిందే కదరా" అంటాది అవ్వ, ఇన్నేండ్లు ఒక్కసారి కూడా చెప్పలే. తెలుగు కాదు, కన్నడం. ముందర రెండు మూడు అక్షరాలు అరిగిపోయినాయి, చివర "హళ్ళి" (కన్నడంలో పల్లె) అని మాత్రం తెలుస్తాంది. పగలు వెలుతురులో ఫోటో తీసి పెడతా. బళ్ళారి పక్కోళ్ళు, పాత కన్నడం చదివేవాళ్ళు ఎవరన్నా ఉంటే కాస్త చూడండి.