ఎమ్మారైలో పాత చిన్న స్ట్రోక్ మచ్చ బయటపడింది, లక్షణాల్లేవు: ఆస్పిరిన్ మొదలుపెట్టాలా?

గోదారి_గట్టు (రాజమండ్రి)
నాన్నగారికి 71. మంచం మీద పక్కకి ఒత్తిగిలితే కళ్లు తిరుగుతున్నాయంటే ఎమ్మారై తీయించాం. అది చెవి లోపలి సమస్యేనని తేలింది, తలని అటూ ఇటూ తిప్పించి ఏదో వ్యాయామం చేయించారు, తగ్గిపోయింది. కానీ రిపోర్టు అడుగున ఒక లైను మిగిలింది: ఎడమ థాలమస్‌లో (మెదడు లోతుల్లో ఉండే భాగం) పాత లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్ (సన్న నాళం మూసుకుపోయి మిగిలిన చిన్న స్ట్రోక్ మచ్చ), 6 మి.మీ., ఫాజెకాస్ గ్రేడ్ 1 మార్పులు (మెదడు తెల్ల పదార్థంలో తేలికపాటి మార్పులు). ఆయనకి ఎప్పుడూ మూతి వంకర పోలేదు, చెయ్యీ కాలూ పడిపోలేదు, మాట తడబడలేదు. మా ఫిజీషియన్ గారు ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్ బిళ్ల) జీవితాంతం వేసుకోమన్నారు. న్యూరాలజిస్టు దాన్ని కొట్టేసి, ఆస్పిరిన్ అక్కర్లేదు, బీపీ 130 లోపు ఉంచండి అని రాశారు. గుండె జబ్బు లేదు, షుగర్ లేదు. బీపీకి ఆమ్లోడిపిన్ 5 వాడుతున్నారు. ఇంట్లో రెండు పార్టీలయ్యాం. మీరేమంటారు?

మందులకొట్టు_బాబాయ్ (తణుకు)
ఇందులో అనుమానం ఏముంది బాబూ? ఒక నాళం మూసుకుపోయిందని ఫొటోలో కనిపిస్తోంది. పిల్లకాలవ ఒకటి పూడిపోయాక మిగతావి పూడకుండా చూసుకోమా? గుండెకి స్టెంటు వేసినవాళ్లు ఏళ్ల తరబడి ఇదే బిళ్ల వేసుకుంటున్నారు. రూపాయల్లో అయిపోయే మందు. రేపు నిజంగా పక్షవాతం వస్తే ఆ న్యూరాలజిస్టు వచ్చి మంచం దగ్గర కూర్చోడు కదా.

న్యూరో_పీజీ (హైదరాబాద్)
బాబాయ్ గారూ, పూడిక ఒకటే రకం కాదండీ. గుండె రక్తనాళంలో కొవ్వు పొర చిట్లి దానిమీద గడ్డ కడుతుంది, అక్కడ ఆస్పిరిన్‌కి పని ఉంది. ఇక్కడి కథ వేరు. థాలమస్ లాంటి లోతైన చోట్లకి వెళ్లే ధమనులు అర మిల్లీమీటరు కూడా ఉండవు. పెద్ద ధమని నుంచి నేరుగా చీలతాయి కాబట్టి బీపీ దెబ్బ వాటి గోడలమీద గట్టిగా పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గోడ మందమై లోపలి దారి సన్నబడుతుంది. రక్తం చాలక ఆ నాళం ఒక్కటే పోషించే చిన్న ముక్క చచ్చిపోతుంది, పక్కనుంచి ఆదుకునే నాళం ఉండదు. మిల్లర్ ఫిషర్ 1960లలో శవపరీక్షల్లో ఆ నాళాల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసి రాసింది ఇదే.

ఇప్పుడు ఆస్పిరిన్ సంగతి. 2018లో వచ్చిన ఆస్ప్రీ అధ్యయనంలో ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది వృద్ధులని తీసుకున్నారు, దాదాపు అందరూ 70 దాటినవాళ్లే. సగంమందికి రోజూ 100 మి.గ్రా. ఆస్పిరిన్ ఇచ్చారు. గుండెపోట్లూ స్ట్రోకులూ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పెద్ద రక్తస్రావాలు మాత్రం ఏడాదికి వెయ్యిమందికి 6.2 నుంచి 8.6కి పెరిగాయి.

ఎడిసన్_తెలుగమ్మాయి (న్యూజెర్సీ)
డాక్టర్ గారూ, ఒక్క నిమిషం. ఆస్ప్రీలోవాళ్లు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు. వాళ్ల తలకి ఎమ్మారై తీసి, మచ్చ ఉన్నవాళ్లని ఏరి చేసిన పరీక్ష కాదది. గోదారి గారి నాన్నగారికి మచ్చ ఉంది. రోటర్‌డామ్‌లో వృద్ధుల్ని ఏళ్లపాటు గమనిస్తే, ఇలాంటి మచ్చలున్నవాళ్లకి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పు రెట్టింపు కంటే ఎక్కువని 2003లోనే తేలింది. "లక్షణాల్లేవు" అనే మాట మీద నాకు నమ్మకం లేదు. మా అమ్మకి వరంగల్‌లో కుడి చెయ్యీ కాలూ పడిపోయినప్పుడు తీసిన ఎమ్మారైలో కొత్త మచ్చ పక్కనే పాత మచ్చలూ కనిపించాయి. ముందే ఎవరైనా చూసి ఆస్పిరిన్ ఇచ్చుంటే?

న్యూరో_పీజీ
మీ అభ్యంతరం న్యాయమైనదే. మచ్చ కనిపించి లక్షణాల్లేనివాళ్లని మాత్రమే తీసుకుని, ఆస్పిరిన్ ఇచ్చి తేల్చిన పెద్ద పరీక్ష లేదు. గొడవంతా ఆ ఖాళీలోనే. కానీ ముప్పు ఎక్కువన్నంత మాత్రాన ఈ మందు దాన్ని తగ్గిస్తుందని కాదు కదండీ. మూసుకుపోయే ఈ సన్న నాళాలే చిట్లుతాయి కూడా. అందుకే యూరప్ స్ట్రోక్ నిపుణులు 2021లో ఇచ్చిన మార్గదర్శకంలో, వేరే కారణం లేకుండా ఇలాంటి నిశ్శబ్ద మచ్చలకి ఆస్పిరిన్ తరహా మందులు వద్దనే సూచించారు.

మీ అమ్మగారి విషయం పూర్తిగా వేరు. లక్షణాలతో స్ట్రోక్ వచ్చాక ఆస్పిరినో, అలాగే గడ్డ కట్టనివ్వని క్లోపిడోగ్రెలో వాడాల్సిందే, అందులో చర్చ లేదు. "ఒకటి మంచిదైతే రెండూ ఇంకా మంచివి" అనుకునేవాళ్ల కోసం: లాక్యునార్ స్ట్రోక్ వచ్చిన 3,020 మంది మీద చేసిన ఎస్‌పీఎస్3 అనే అధ్యయనంలో కొందరికి ఆస్పిరిన్ ఒక్కటే, కొందరికి రెండు మందులూ కలిపి ఏళ్లపాటు ఇచ్చారు. మళ్లీ స్ట్రోక్ రావడం ఏడాదికి 2.7 శాతం నుంచి 2.5కి వచ్చింది, అంటే తేడా లేనట్టే. పెద్ద రక్తస్రావాలు 1.1 నుంచి 2.1 శాతానికి ఎక్కాయి. చిన్న స్ట్రోక్ వచ్చిన వెంటనే మూడు వారాలపాటు రెండూ ఇవ్వడం మామూలే. నెలల తరబడి సాగదీస్తేనే నష్టం.

మందులకొట్టు_బాబాయ్
శాతాలు మీరు చెబుతారు, మనుషుల్ని మేం చూస్తాం. ఆస్పిరిన్ వల్ల రక్తం కక్కుకున్నవాడు నా కొట్టుకి ఒక్కడూ రాలేదు.

పాలమూరు_నర్సమ్మ
రక్తం కక్కుకున్నవాళ్లు మందులకొట్టుకెందుకొస్తరన్నా, సక్కగ మా వార్డుకే వస్తరు. 😀 నల్లగ తారు లెక్క విరేచనమైతుంటే ఐరన్ గోలీల వల్లే అనుకుని వారాలు ఊకున్నోళ్లని చూసిన.

గోదారి అన్నా, నువ్వు ఆస్పిరిన్ గురించే అడుగుతున్నవ్, బీపీ ఎంతుందో చెప్పనే లేదు. ఇంట్ల ఎట్ల చూస్తున్నరు?

గోదారి_గట్టు
మెషీన్ ఉందక్కా. పొద్దున్నే కాఫీ తాగాక, పేపర్ చదువుతూ ఉండగా అమ్మ పట్టీ చుట్టేస్తుంది. 158/86, 154/84 అలా వస్తోంది. వయసుకి వంద కలిపితే అంతేగా, పర్లేదు అంటారు నాన్న. ఇంకోటి రాయడం మర్చిపోయాను, చాన్నాళ్ల క్రితం కడుపులో పుండుకి ఎండోస్కోపీ చేశారు.

పాలమూరు_నర్సమ్మ
కాఫీ తాగినంక అరగంట ఆగాలె. వీపు ఆనే కుర్చీల కూసోబెట్టి, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తుల బల్ల మీద పెట్టాలె. పట్టీ చొక్కా మీద కాదు, ఒంటి మీద చుట్టాలె. అయిదు నిమిషాలు మాటల్లేకుండ కూసున్నంక చూసి, నిమిషం ఆగి మళ్లీ చూడండి. పొద్దున, రాత్రి రెండేసిసార్లు వారం రోజులు కాయితం మీద రాసుకుని డాక్టర్‌కి చూపియ్యండి. వయసుకి వంద కలిపే లెక్క పాత జమానాది.

న్యూరో_పీజీ
పుండు చరిత్ర ఉంటే నా ఓటు ఆస్పిరిన్‌కి ఇంకా దూరం. అది ఫిజీషియన్ గారికి తెలుసో లేదో అడగండి. 150 పైన నడుస్తుంటే చెయ్యాల్సిన పని అక్కడుంది. ఎస్‌పీఎస్3లోనే బీపీ భాగం 2013లో వచ్చింది. పై అంకె 130 లోపు ఉంచినవాళ్లలో మెదడులో రక్తస్రావం 63 శాతం తగ్గింది. మొత్తం స్ట్రోకులు కూడా తగ్గాయి గానీ, కచ్చితంగా దానివల్లేనని చెప్పేంత తేడా రాలేదు.

రిటైర్డ్_మాస్టారు (తెనాలి)
130 మంత్రం అందరికీ జపించకండి. నాకు 78. మందు పెంచాక రాత్రి బాత్రూంకి లేచి తూలిపడ్డాను, తుంటి విరగాల్సింది, కొద్దిలో తప్పింది. ముసలివాళ్లకి స్ట్రోక్ ఒక్కటే శత్రువా?

న్యూరో_పీజీ
కాదు మాస్టారూ. అందుకే నిలబెట్టి కూడా బీపీ చూడాలి. పడుకున్నప్పుడు ఉన్నదానికంటే, లేచిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 పడిపోతే మందు పెంచే ముందు ఆలోచించాలి. ఒకేసారి కాకుండా వారాల మీద దింపాలి. దగ్గరదగ్గర 85 ఏళ్లుండి చేతికర్రతో నడిచేవారికి 140 చాలని నేనూ ఒప్పుకుంటాను. కానీ 71 ఏళ్ల, తిరిగే మనిషికి 158 వదిలెయ్యడానికి మీ తూలిపాటు సాకు కాకూడదు.

ఎడిసన్_తెలుగమ్మాయి
సరే, బీపీ ముఖ్యమే. ఆస్పిరిన్ మీద మాత్రం నేను పూర్తిగా మారలేదు. పుండు లేకపోయుంటే? మచ్చలు రెండు మూడు ఉంటే? కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ సంగతి? ఇంకో డాక్టరు మా అమ్మకి నరాల బలానికని సిటికోలిన్ కూడా రాశారు, నెలకి బిల్లు చూస్తే టెన్షన్.

న్యూరో_పీజీ
సిటికోలిన్‌ని 2012లో ఇక్టస్ అనే పరీక్షలో కొత్తగా స్ట్రోక్ వచ్చిన 2,298 మంది మీద చూశారు. ఉత్త బిళ్లకీ దానికీ తేడా కనపడలేదు. ఆ డబ్బు మంచి బీపీ మెషీన్‌కి పెట్టండి. స్టాటిన్ స్ట్రోక్ వచ్చిన మీ అమ్మగారికి అవసరమే. గోదారి గారి నాన్నగారికి కొలెస్ట్రాల్ రిపోర్టు చూసి చెప్పాలి. మచ్చలు ఎక్కువుండి మైక్రోబ్లీడ్లు (మెదడులో రక్తం కారిన అతి చిన్న గుర్తులు) లేకపోతే, కొందరు సీనియర్లు ఆస్పిరిన్ ఇస్తారు. నేనివ్వను, కానీ వాళ్లది తప్పని కొట్టిపారెయ్యను. ఇప్పటికే స్టెంటు కోసమో పాత స్ట్రోక్ కోసమో వాడుతున్నవాళ్లెవరూ ఇది చదివి మానెయ్యొద్దు, దయచేసి.

గోదారి_గట్టు
మైక్రోబ్లీడ్ల గురించి రిపోర్టులో ఏమీ లేదు. స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేసి అడుగుతాను. ఇక బీపీకి ఉప్పు తగ్గించాలి కాబట్టి, ఆవకాయ జాడీ సంగతి అమ్మతో ఎవరు మాట్లాడాలన్నదే ఇప్పుడు గొడవ.

మందులకొట్టు_బాబాయ్
పుండు అన్నావు కాబట్టి ఈ కేసు వరకు ఆగుతా. పుండు లేనివాడొస్తే నా మాట నాదే.