నల్ల జెల్‌కోట్ మీద తెల్ల మసక: కడిగాకే ఎందుకు బయటపడుతోంది?

కడలిగాలి (ప్రశ్న)

బండి వెనక సీటు కౌల్ (సీటు వెనక తొడుగు) ఒకటి ఇంట్లోనే ఫైబర్‌లో తీశాను. మౌల్డ్ నుంచి ఊడినప్పుడు నిగనిగలాడుతూనే ఉంది. ముక్క మౌల్డ్‌కి అంటుకోకుండా పూసే పివిఎ పొర పోవడానికి నీళ్ళతో కడిగి ఆరబెట్టాక మాత్రం అక్కడక్కడా విబూది రాసినట్టు తెల్లగా తేలింది. రబ్బింగ్ కాంపౌండ్ కొడితే ఒకచోట పోయింది, ఇంకోచోట రెండు రోజులకి మళ్ళీ వచ్చింది.

చేసిన పద్ధతి ఇది. మౌల్డ్‌కి వాక్స్ 5 సార్లు, పైన స్పాంజితో పివిఎ, పావుగంట ఆరనిచ్చాను. రంగు కలిపి అమ్మే ఐసో రకం జెల్‌కోట్ (ముక్కకి బయటికి కనిపించే పై పొర) 150 గ్రాములు తీసుకున్నా. చిక్కగా ఉందని 15 గ్రాముల అసిటోన్ పోశా. హార్డెనర్ 1.5 మి.లీ. కౌల్ వైశాల్యం దాదాపు 0.4 చదరపు మీటర్లు. గంటన్నరకి 300 గ్రాముల రకం గాజునార మ్యాట్ రెండు వరసలు వేసి, నాలుగు గంటలకి ఊడదీశాను. గదిలో 27 డిగ్రీలు, బయట ముసురు. కాకినాడ తేమ సంగతి మీకు తెలిసిందే. తప్పంతా వాతావరణానిదేనా?

రెజిన్‌డబ్బా

వాతావరణాన్ని తర్వాత తిడదాం, ముందు మసక ఏ పొరలో ఉందో చూడండి. పైనుంచి అన్ని మసకలూ ఒకేలా కనిపిస్తాయి, మందులు మాత్రం వేరు.

మచ్చ మీద నీళ్ళు రాయండి. తడిగా ఉన్నంతసేపూ నల్లగా మారి, ఆరగానే తెల్లబడితే అది పైపై గరుకు, లేదా పివిఎ, వాక్స్ మిగులు. తడిలోనూ తెల్లగానే ఉంటే లోపలిది. తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేయండి. వేడికి తెలుపు తగ్గి, తడిస్తే మళ్ళీ తేలిందంటే సరిగా గట్టిపడని జెల్‌కోట్ నీళ్ళు తాగుతోందన్నమాట. చివరగా తెల్లగుడ్డ మీద అసిటోన్ వేసి, కనపడని మూల పది సెకన్లు రుద్దండి. గుడ్డకి నలుపు అంటి, పైపొర జిగురుగా తగిలితే క్యూర్ కాలేదు, అంటే పూర్తిగా గట్టిపడలేదు.

మూడూ చేసి చెప్పండి. మసక కౌల్‌లో ఏ భాగంలో ఉందో కూడా కావాలి. అంచుల్లోనా, లోతు పల్లంలోనా?

పడవలపని

పరీక్షలు సరే, ఆ లెక్కల్లోనే సగం జవాబు ఉంది.

జెల్‌కోట్ తడిగా ఉన్నప్పుడు 0.5 నుంచి 0.8 మి.మీ. మందం ఉండాలి. 0.5 మి.మీ. రావాలంటే చదరపు మీటరుకి 600 గ్రాములు పడుతుంది. మీ ముక్కకి 240 గ్రాములు, డబ్బాకీ బ్రష్‌కీ అంటుకునేది కలిపితే 280. మీరు వేసిన 150 గ్రాములకి 0.3 మి.మీ. కూడా సరిగ్గా వచ్చి ఉండదు. అంత పల్చని పొరలో వేడి పుట్టదు, జెల్‌కోట్‌ని పల్చగా ఉంచే స్టైరీన్ ద్రవం ముందే ఆవిరైపోతుంది, సగం ఉడికిన అన్నంలా మిగిలిపోతుంది.

హార్డెనర్ కూడా తక్కువే. 1.5 మి.లీ. అంటే బరువులో ఒక శాతం చిల్లర. ఈ వాతావరణంలో 2 శాతం వేయండి: 100 గ్రాములకి 2 గ్రాములు, సిరంజితో దాదాపు 1.8 మి.లీ. నలుపు పిగ్మెంట్ అసలే క్యూర్‌ని నెమ్మది చేస్తుంది. అలాగని 3 శాతం దాటించకండి, ఎక్కువైనా పొర బలహీనపడుతుంది. కొలిచేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి. హార్డెనర్ కంట్లో పడితే వెంటనే పదిహేను నిమిషాలకి తగ్గకుండా నీళ్ళతో కడిగి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

అసిటోన్ ఎవరు పోయమన్నారండీ? అది బ్రష్‌లు కడగడానికి. పైన తోలు కట్టాక లోపల చిక్కుకున్న అసిటోన్ బయటికి రాలేక సన్న సన్న రంధ్రాలు వదులుతుంది. వాటిలోకే నీళ్ళు దూరతాయి. చిక్కగా ఉంటే స్టైరీన్, అదీ 5 శాతం లోపే. అసలు బ్రష్ రకం జెల్‌కోట్ చిక్కగానే ఉంటుంది, నిలువు గోడ మీంచి జారకూడదు కదా.

ఇక పివిఎ. అది నీళ్ళూ స్పిరిట్‌లో కరిగించిన జిగురు. పొడి రోజున అరగంట, ముసురు రోజున గంట దాటినా ఆరకపోవచ్చు. వేలికి జిడ్డు లేకుండా, గాజు కాగితంలా బిగిశాకే జెల్‌కోట్ వేయాలి. ఆరని పివిఎలోని నీరు జెల్‌కోట్ మొహం మీదే క్యూర్‌ని అడ్డుకుంటుంది.

కడలిగాలి

పరీక్షలు చేశాను. అంచుల్లో మచ్చ నీళ్ళు రాస్తే మాయమైంది, గుడ్డకి రంగు అంటలేదు. అడుగున, నంబర్ ప్లేటు దగ్గరి లోతులో మాత్రం తడిలోనూ తెలుపే. డ్రయ్యర్‌కి తగ్గింది, గుడ్డ నల్లబడింది.

రెజిన్‌డబ్బా

అయితే రెండు రోగాలు. అంచులది పైపైది. 1000, 1500, 2000 వాటర్ పేపర్‌తో సబ్బునీళ్ళలో రుద్ది, కాంపౌండ్ కొట్టండి. పొర పల్చన కాబట్టి 600తో మొదలుపెట్టొద్దు, మ్యాట్ నారలు బయటపడతాయి.

లోతులోది స్టైరీన్ పని. దాని ఆవిరి గాలికన్నా బరువు. లోతైన మౌల్డ్ అడుగున గిన్నెలో నీళ్ళలా నిలబడి, అక్కడి పొరను ఆరనివ్వదు. ఈసారి జెల్‌కోట్ వేశాక మౌల్డ్‌ని ఒరగేసి పెట్టండి, ఆవిరి దొర్లిపోతుంది. ఫ్యాన్ గదిలో తిరిగితే చాలు, నేరుగా మౌల్డ్ మీదికి తిప్పొద్దు.

మ్యాట్ ఎప్పుడు వేయాలో గడియారం చెప్పదు. మౌల్డ్ అంచు మీదా, లోతైన చోటా వేలు అద్దండి. జిగురుగా తగలాలి, వేలికి రంగు అంటకూడదు. అంచు సిద్ధమైనా అడుగు సిద్ధం కాకపోతే ఆగండి. తొందరపడితే రెజిన్‌లోని స్టైరీన్ ఆ పచ్చి పొరని ఉబ్బించి ముడతలు పెడుతుంది.

కార్బన్‌పిచ్చి

మధ్యలో దూరుతున్నా. నాది కార్బన్ ఫైబర్ మీద ఎపాక్సీ రెజిన్, పైన తెల్లటి జిడ్డు పొర. ఇదీ అదేనా?

పడవలపని

కాదు. ఎపాక్సీ హార్డెనర్‌లోని అమైన్, గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైకి తేలిన పొర అది. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే పీచుతో కడిగితే పోతుంది. కడగకుండా పేపర్ పట్టొద్దు, జిడ్డు గీతల్లోకి దిగి పై పూత పట్టదు.

కడలిగాలి

ఈ కౌల్‌ని పారేయక్కర్లేకుండా కాపాడొచ్చా?

పడవలపని

కాపాడొచ్చు. ముందు పొడి వేడిలో ఉడకబెట్టాలి. ముక్కని మళ్ళీ మౌల్డ్‌లోనే కూర్చోబెట్టండి, లేకపోతే వేడికి వంగుతుంది. ప్లైవుడ్ పెట్టెలో 200 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెట్టి 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఏడెనిమిది గంటలు ఉంచండి. థర్మామీటర్ ముక్క పక్కనే ఉండాలి, బల్బు దేన్నీ తాకకూడదు. థర్మోకోల్ పెట్టె మాత్రం వద్దు, స్టైరీన్ ఆవిరికి కరిగిపోతుంది.

చల్లారాక మళ్ళీ అసిటోన్ గుడ్డ పరీక్ష. రంగు అంటకపోతే 320తో గరుకు చేసి, టూకే (హార్డెనర్ కలిపి వాడే) ప్రైమర్, పైన టూకే నలుపు పెయింట్ కొట్టండి. ఇంకా అంటుతుంటే ఆ లోతులోని జెల్‌కోట్‌ని మ్యాట్ దాకా గీకేయాల్సిందే. పచ్చి పొర మీద పెయింట్ వేస్తే ఎండకి బుడగలు లేస్తుంది.

అక్కడ పెయింట్ కాకుండా జెల్‌కోటే మళ్ళీ వేయాలనుకుంటే, బయటి పూత కాబట్టి వాక్స్ కలిపిన టాప్‌కోట్ కొనండి. గాలి తగిలినా జిగురు లేకుండా ఆరేది అదే. మిగిలింది దాచుకుని ఇంకోసారి మౌల్డ్‌లో మొదటి పొరగా వాడొద్దు. దాని వెనకవైపు వాక్స్ తేలి, మ్యాట్ అంటుకోదు.