దిగుమతులు, వలసలు, సంక్షేమం: ఓటరు కోపం చివరికి వలస కార్మికుడి మీదికే ఎందుకు మళ్లుతోంది?

చలిచీమ (ప్రశ్న)

సరుకులనూ మనుషులనూ స్వేచ్ఛగా రానిస్తే మొత్తం మీద దేశానికి లాభమేననీ, ఆ లాభంలో కొంత సంక్షేమం రూపంలో నష్టపోయినవారికి పంచితే అందరూ బాగుపడతారనీ ఆర్థికశాస్త్ర పుస్తకాలు చెబుతాయి. బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ సంక్షేమ వ్యవస్థలు ఉన్నాయి, విదేశీ వాణిజ్యమూ దశాబ్దాలుగా పెరుగుతూనే వచ్చింది. అయినా 2016 జూన్‌లో బ్రిటన్ ఓటర్లలో 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలన్నారు. అదే ఏడాది నవంబరులో అమెరికాలో దిగుమతులనూ వలసలనూ ఒకే గాటన కట్టి ప్రచారం చేసిన డొనాల్డ్ ట్రంప్ గెలిచారు. ఫ్యాక్టరీ మూతపడడానికి కారణం దిగుమతో, యంత్రమో అయినప్పుడు కోపం వలస కార్మికుడి మీదికి ఎందుకు మళ్లుతోంది? దాన్ని చల్లార్చవలసిన సంక్షేమమే మరింత రాజేస్తున్నట్టు కనిపిస్తోందేమిటి? పార్టీల మీద తిట్లు పక్కనపెట్టి, వ్యవస్థలు పనిచేసే తీరు తెలిసినవారు వివరించగలరు.

తులాభారం

ముందు దిగుమతుల సంగతి చూద్దాం. లాభం దేశమంతటా పలచగా పరుచుకుంటుంది, నష్టం కొన్ని పట్టణాల మీద కుప్పగా పడుతుంది. 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన తరువాత అమెరికాలో ఫర్నిచర్, బొమ్మలు, దుస్తులు చౌకయ్యాయి. ఆ చౌకదనాన్ని గుర్తుపెట్టుకుని ఓటు వేసేవాడు ఎక్కడా ఉండడు. ఆర్థికవేత్తలు డేవిడ్ ఆటర్, డేవిడ్ డోర్న్, గోర్డన్ హాన్సన్ 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆ వస్తువులను తయారుచేసే ప్రాంతాల్లో మాత్రం ఉపాధీ వేతనాలూ రెండూ పడిపోయాయి. పని పోయినవారు పుస్తకాలు ఊహించినట్టు మరో ఊరికి పెద్దగా తరలిపోనూ లేదు.

వీరి కోసం పరిహార పథకం లేకపోలేదు. వాణిజ్య సర్దుబాటు సహాయం పేరుతో అది 1962 నుంచే ఉంది, కానీ అది నడిచే తీరు చూడండి. ముందుగా కార్మికులో, యూనియనో, యాజమాన్యమో కార్మిక శాఖకు అర్జీ పెట్టాలి. ఉద్యోగాలు పోవడానికి దిగుమతులో, పనిని విదేశాలకు తరలించడమో కారణమని శాఖ విచారించి ధ్రువీకరించాలి. ఆ తరువాత ఒక్కొక్క కార్మికుడూ తన అర్హతను విడిగా నిరూపించుకోవాలి. ఫ్యాక్టరీ మూతపడ్డాక గిరాకీ పోయిన హోటల్ యజమానికి అందులో చోటే లేదు. దెబ్బతిన్న ప్రాంతాల్లో ఈ సహాయం కన్నా వైకల్య పింఛన్ల చెల్లింపులే ఎన్నో రెట్లు ఎక్కువ పెరిగాయని పైన చెప్పిన పరిశోధనే చూపింది. అంటే పనిచేయగల వయసువారిని మళ్లీ పనిలోకి చేర్చవలసిన వ్యవస్థ వారిని పనికి దూరంగా కూర్చోబెట్టి డబ్బు ఇచ్చింది. 2022 జూలై నుంచి కొత్త అర్జీలను ధ్రువీకరించే అధికారం కూడా గడువు తీరి నిలిచిపోయింది. మీరు అడిగిన పంపకం, నా ఉద్దేశంలో, అక్కడ సరిగ్గా జరగనే లేదు.

వెన్నెలబాట

వలసల విషయంలో చిక్కు కొంత వేరు. వలస వచ్చినవారు కట్టే పన్ను కేంద్ర ఖజానాకు చేరుతుంది. ఆసుపత్రిలో వరుస, బడిలో సీటు, అద్దె ఇంటికి పోటీ మాత్రం వారు దిగిన పట్టణంలోనే పెరుగుతాయి. జాతీయ స్థాయి లెక్కల్లో మిగులు కనిపిస్తున్నా స్థానికుడికి కొరతే కనిపించడం ఇందువల్లనే, అందులో అతని అజ్ఞానమేమీ లేదు.

2004 మే 1న పది దేశాలు, ఎక్కువగా తూర్పు యూరప్‌వి, యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రమే ఆ కార్మికులకు తమ ఉపాధి మార్కెట్లను వెంటనే పూర్తిగా తెరిచాయి. జర్మనీ, ఆస్ట్రియా 2011 దాకా ఆంక్షలు కొనసాగించాయి. బ్రిటన్ ప్రభుత్వం కోసం తయారైన అంచనా ఏడాదికి నికరంగా 5,000 నుంచి 13,000 మంది వస్తారని చెప్పింది, మిగతా దేశాలూ తలుపులు తెరుస్తాయన్న ఊహ మీద. వచ్చినవారు అంతకు ఎన్నో రెట్లు. లింకన్‌షైర్‌లోని బోస్టన్ చుట్టుపక్కల కూరగాయల పొలాల్లోకీ, ప్యాకింగ్ షెడ్లలోకీ కొద్ది ఏళ్లలోనే తూర్పు యూరప్ కార్మికులు పెద్ద సంఖ్యలో చేరారు. 2016లో నిష్క్రమణకు అత్యధికంగా, 75.6 శాతం, ఓట్లు పడింది అక్కడే. వలసవాసుల నిష్పత్తి దశాబ్దాలుగా ఎక్కువగా ఉన్న లండన్‌లోని లాంబెత్‌లో 78.6 శాతం మంది యూనియన్‌లోనే ఉందామన్నారు. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే, జనాన్ని కలవరపెట్టేది వలసవాసుల సంఖ్య కన్నా మార్పు వచ్చిన వేగమేనని నాకు అనిపిస్తుంది.

ఇలాంటి పట్టణాలకు సాయపడేందుకు 2009లో ఒక ప్రత్యేక నిధి పెట్టారు. 2010లో ప్రభుత్వం మారగానే పొదుపు పేరుతో రద్దు చేశారు. పన్ను తీసుకుని వరుసను స్థానికులకు వదిలేయడమంటే ఇదే.

ఎదురీత

పైవారిద్దరూ తప్పంతా పంపకం మీదికే నెట్టారు. తక్కువ చదువుకున్న స్థానిక కార్మికుడికి వలసలతో నిజమైన పోటీ ఉండదా? ఈ వివాదానికి పాత ఉదాహరణ 1980 నాటి మియామీ. కొద్ది నెలల్లో దాదాపు 1,25,000 మంది క్యూబన్లు పడవల్లో అమెరికాకు వచ్చారు, వారిలో చాలామంది అక్కడే స్థిరపడ్డారు. స్థానిక వేతనాలపై చెప్పుకోదగ్గ ప్రభావం లేదని 1990లో ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ తేల్చారు. హైస్కూలు పూర్తిచేయని పురుషులను విడదీసి చూస్తే వేతనాలు బాగా పడిపోయాయని చాలా ఏళ్ల తరువాత మరో ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ వాదించారు. ఆ విడదీసిన నమూనా మరీ చిన్నదని మరికొందరు ఆక్షేపించారు. నిపుణులే తేల్చుకోలేకపోతున్న విషయంలో ఓటరును మూర్ఖుడనడం అన్యాయం.

అలాగని తలుపులు మూస్తే కూలి పెరుగుతుందన్న నమ్మకానికీ ఆధారం తక్కువే. 1942లో మొదలై మెక్సికో వ్యవసాయ కూలీలను అమెరికాకు రప్పించిన బ్రసేరో కార్యక్రమాన్ని 1964 చివరలో ఆపేశారు. స్థానిక కూలీల వేతనాలు పెరుగుతాయన్నది దాని వెనుక ఉన్న ప్రధాన వాదం. కాలిఫోర్నియాలో టమాటా రైతులు కొద్ది ఏళ్లలోనే కోత యంత్రాలకు మారిపోయారు. కూలీలు తప్పనిసరైన పంటలను కొందరు తగ్గించుకున్నారు. ఆశించిన వేతనాలు మాత్రం రాలేదని తరువాతి పరిశోధన చూపింది.

చలిచీమ

అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. సంక్షేమం బాగా నడిచే దేశంలోనైనా ఈ కోపం తగ్గాలి కదా? డెన్మార్క్‌లో ఏం జరిగింది?

తులాభారం

డెన్మార్క్‌లో యజమాని కార్మికుణ్ని తేలిగ్గా తొలగించగలడు. కానీ నిరుద్యోగ బీమాలో చేరినవారికి పాత జీతంలో 90 శాతం దాకా, ఒక పరిమితికి లోబడి, సాధారణంగా రెండేళ్లపాటు భృతి వస్తుంది, దానితోపాటు శిక్షణ కూడా ఉంటుంది. అందువల్ల స్వేచ్ఛా వాణిజ్యం మీద అక్కడ పెద్దగా వ్యతిరేకత లేదు. వలసల మీద మాత్రం ఉంది. 2019లో మెటె ఫ్రెడరిక్సన్ నాయకత్వంలో సోషల్ డెమొక్రాట్లు అధికారంలోకి వచ్చింది సంక్షేమాన్ని కాపాడతామనీ, వలసలపై కఠినంగానే ఉంటామనీ ఒకే ఊపిరిలో చెప్పి.

దిగుమతుల దెబ్బను డబ్బుతో కొంతైనా మాన్పవచ్చు. వలసల దగ్గరికి వచ్చేసరికి, ఆ డబ్బులో వాటా ఎవరిదన్నదే తగాదా అవుతుంది. ఎవరు ఎన్నేళ్లు కట్టారో లెక్క ఉండే బీమా తరహా పథకాల్లో ఈ తగాదా తక్కువ. అవసరాన్ని బట్టి ఇచ్చే ఇంటి కేటాయింపుల్లో, తక్కువ జీతానికి తోడుగా ఇచ్చే సాయాల్లో ఎక్కువ, ఎందుకంటే నిన్న వచ్చినవాడు ముందు వరుసలోకి వెళ్లినట్టు కనిపిస్తుంది. అమెరికా 1996లోనే చట్టబద్ధంగా వచ్చే కొత్త వలసవాసుల్లో చాలామందికి మొదటి ఐదేళ్లు ముఖ్యమైన ఫెడరల్ సాయాలను ఆపేసింది. బ్రిటన్ ఆ దారికి ఆలస్యంగా వచ్చింది: యూనియన్ దేశాల నుంచి కొత్తగా వచ్చే కార్మికులకు జీతంపై ఇచ్చే సాయాన్ని నాలుగేళ్లదాకా పరిమితం చేసుకునే వెసులుబాటును అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ 2016 ఫిబ్రవరిలో సాధించుకొచ్చారు. నాలుగు నెలల్లో ఓటర్లు నిష్క్రమణే కోరడంతో అది అమల్లోకి రాకుండానే రద్దయింది.