సీడ్ పత్తి చేలల్లో పిల్లలు: ఆర్గనైజర్‌తో ఏం రాయించుకోవాలి?

గద్వాల వైపు సీడ్ పత్తి (విత్తనం కోసం పండించే పత్తి) చూసే ఒక కంపెనీలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. రైతుతో మాకు నేరుగా లెక్కల్లేవు, అంతా మధ్యవర్తిగా ఉండే ఆర్గనైజరే. సాయంత్రం మొగ్గలు గిల్లడం, పొద్దున్నే క్రాసింగ్ (చేత్తో పుప్పొడి అద్దడం). చిన్న చేతులైతే పని బాగా సాగుతుందని పిల్లల్ని దింపుతారు (నాకైతే కూలి తక్కువనే అనిపిస్తుంది). నేను వెళ్లిన రోజు ఒక్కరూ కనబడరు. కనబడినా "మా అమ్మాయే సార్, బడి అయ్యాక సాయం చేస్తోంది" అంటారు. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణలో సొంత కుటుంబ పనికి ఆ వెసులుబాటు ఉందిగా! 14 ఏళ్ల లోపు వాళ్లను కూలికి పెడితే మాత్రం నేరమే. కొందరిని ముందే అడ్వాన్సు ఇచ్చి తెస్తున్నారు. అది 1976 వెట్టిచాకిరి చట్టం కిందికి రాదా? పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెబితే రైతు ఒక్కడే ఇరుక్కుంటాడేమోనని ఆగుతున్నాను. ఆర్గనైజర్‌ని కూడా బాధ్యుణ్ని చేసే షరతు ఎవరైనా ఒప్పందంలో పెట్టించారా? పనిచేసిందా?