కాంటాక్ట్ షీట్లలోంచి ఫొటోలు ఎలా ఏరుతారు?

పోచంపల్లి నేతపని మీద నలుపు తెలుపు ఫిల్ముతో ఫొటోలు తీస్తున్నాను. కాంటాక్ట్ షీట్లు (ఒక రోలులోని ఫ్రేములన్నీ నెగటివ్ సైజులోనే ఒకే కాగితం మీద వేసిన ప్రింట్లు) వేయించి, లూప్ అనే చిన్న భూతద్దంతో చూస్తూ ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెడుతున్నా. విడిగా బావున్న ఫ్రేములు పక్కపక్కన పెడితే ఒకే మాట చెబుతున్నాయి: చేతులు, నూలు, మళ్లీ చేతులు. పోనీ ఆసు పోయడం (నూలును మేకుల చట్రం మీద చుట్టడం), చిటికి కట్టడం (రంగు అంటకుండా నూలును అక్కడక్కడ కట్టడం), రంగుల్లో ముంచడం అని పని క్రమంలో పేరిస్తే పాఠ్యపుస్తకంలా ఉంది, మనుషులు కనబడటం లేదు.

ఫొటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ 1955-56లో అమెరికా తిరిగి తీసిన వేల ఫ్రేముల్లోంచి తన ‘ది అమెరికన్స్’ పుస్తకానికి 83 మాత్రమే ఉంచుకున్నాడు. అంత గట్టిగా వదులుకోవడం ఎలా? ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి. చిన్న ప్రింట్లు వేసి గోడకు అంటించి వరస మారుస్తారా? మంచి ఫ్రేము వరసలో ఇమడకపోతే తీసేస్తారా? ముందు నేత కుటుంబాలకే చూపించి వాళ్ల మాట వినాలని నాకు గట్టిగా ఉంది. అలా చేసినవాళ్లెవరైనా ఉన్నారా?